ట్రే వెనక ఒక అంకె వేయించండి

విజయవాడ దగ్గర సూరంపల్లిలోని ప్లాస్టిక్ పరీక్షల, శిక్షణ సంస్థ సిపెట్ డైరెక్టర్ గారికి,

కడియం మండలం కడియపులంక నుంచి రాస్తున్నాను.

ఈ ఉత్తరం నేరుగా మీ ఆఫీసుకే పంపొచ్చు. పత్రికకు ఎందుకిచ్చానంటే ఇందులో సగం మీ కోసం, సగం మా నర్సరీల వాళ్ళ కోసం. అడగబోయేది పెద్ద కోరికేమీ కాదు. మట్టిలో కలిసిపోతాయని చెప్పి మా ఊళ్ళో అమ్ముతున్న నారు ట్రేలు, చిన్న కుండీలు ఎన్ని డిగ్రీల వేడికి మెత్తబడతాయో ఆ అంకె వాటి వెనక అచ్చు వేయించాలి. మీరు తలుచుకుంటే అవుతుంది. కంపోస్టబుల్ ప్లాస్టిక్ అని అమ్మాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. దానికి కావలసిన పరీక్షలు చేసే ప్రయోగశాలల్లో సిపెట్‌వి ముఖ్యమైనవి. 1968లో మద్రాసు గిండీలో మొదలైన సంస్థ మీది. ప్లాస్టిక్ గురించి మీరు చెప్పిన మాటకు ఉండే విలువ కలెక్టరుగారి సర్క్యులర్‌కు కూడా ఉండదు.

మా ప్రాంతం మీకు కొత్తేమీ కాదు. రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు పదహారో నంబరు రహదారి మీద వేమగిరి దాటాక రోడ్డుకు రెండు పక్కలా కనిపించేవన్నీ నర్సరీలే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువ నీళ్ళు, గోదావరి వేసిన లంక మన్ను, పల్ల వెంకన్న గారిలాంటి పెద్దల మొక్కల పిచ్చి, ఈ మూడూ కలిసి మా బతుకుతెరువయ్యాయి. మొక్కల ఊరన్న పేరే గాని, ప్లాస్టిక్ లేకపోతే మాకు పూట గడవదు. విత్తు పడేది ప్రోట్రేలో, పెరిగేది నల్ల కవర్లో, నీడనిచ్చేది షేడ్ నెట్, అంటుకు చుట్టేది టేపు, నీళ్ళు తెచ్చేది పైపు. నర్సరీ ఉన్న ఇంట్లో పుట్టి, కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ రెండు లోకాలతోనూ నాకు కాస్త పరిచయం ఉంది.

సంగతేమిటంటే, 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, ట్రేలు దేశమంతా నిషేధించారు. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌తో చేసినవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ వాకిట్లోంచి పీఎల్ఏ అనే మూడక్షరాలు మా ఊళ్ళోకీ వచ్చాయి. మొక్కజొన్న పిండి నుంచో చెరుకు పంచదార నుంచో తీసిన లాక్టిక్ ఆమ్లంతో చేసిన ప్లాస్టిక్ అది. అమ్మకానికి వచ్చినవాళ్ళు రెండు మాటలు చెప్పారు. నారును ట్రేతో సహా పాతెయ్యొచ్చు, మట్టిలో కలిసిపోతుంది. మామూలు ప్లాస్టిక్‌లాగే గట్టిగా ఉంటుంది. మా వీధిలో నలుగురైదుగురు కొన్నారు. అద్దంలా మెరిసే పారదర్శకమైన ట్రేలు కొన్నవాళ్ళకు ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద దొంతరలన్నీ కుంగిపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. అవే ట్రేలు గోడౌన్లో దాచుకున్నవాళ్ళకు వంగలేదు గాని, తర్వాత తీసి చేత్తో పట్టుకుంటే పుటుక్కున విరిగాయి. ఇంకొకాయన వేరే చోట కొన్న తెల్లటి ట్రేలు మాత్రం అదే షెడ్డులో, అదే ఎండకు చెక్కుచెదరలేదు. తిప్పి చూస్తే వాటి మీదా అవే మూడక్షరాలు.

ఇక తగువు మొదలైంది. నకిలీ సరుకు అంటగట్టాడని కొందరు, ముక్కలు పట్టుకొచ్చి నన్ను తీర్పు చెప్పమని కొందరు. అమ్మినవాడి పేరు ఇక్కడ అనవసరం. నేను చూసినంతలో అది నకిలీ కాదు. తెల్ల ట్రే, అద్దం ట్రే రెండూ పీఎల్ఏనే. తేడా అంతా అద్దం ట్రేను అచ్చులోంచి చటుక్కున చల్లార్చి తీసేశారు, తెల్లదాన్ని వేడిలో కాసేపు నిలబెట్టారు అన్న దగ్గరే ఉంది. ఆ తేడా వెనకున్న శాస్త్రం మీకు కొట్టిన పిండి. ఇక్కడ కాస్త విడమరిచి చెబుతున్నానంటే మా వాళ్ళ కోసం. మీరు ఓపిక పట్టాలి.

ప్లాస్టిక్ అణువు అంటే ఒక పొడవాటి గొలుసు. కరిగినప్పుడు గొలుసులన్నీ చిక్కులు పడి, అటూ ఇటూ కదులుతుంటాయి. చల్లబడేటప్పుడు వాటికి వీలూ వ్యవధీ దొరికితే, గొలుసులు మడతలు మడతలుగా పక్కపక్కన సర్దుకుని పల్చటి పలకలవుతాయి. అదే స్ఫటికం. 1957లో బ్రిస్టల్‌లో ఆండ్రూ కెల్లర్ పాలిథీన్ స్ఫటికాలను పరిశీలించి, ఇంత పల్చటి పలకలో అంత పొడుగు గొలుసు ఇమడాలంటే మడతపడక తప్పదని తేల్చాడు. పలకలు ఒక కేంద్రం నుంచి నలువైపులా విచ్చుకుంటూ గుండ్రటి గుత్తులవుతాయి.

అన్ని ప్లాస్టిక్‌లూ ఇందులో ఒకేలా ఉండవు. మన నల్ల కవరు పాలిథీన్‌కు ఉన్న తొందర అంతా ఇంతా కాదు. ఎంత గబుక్కున చల్లార్చినా ఈలోగానే స్ఫటికం కట్టేస్తుంది. థర్మోకోల్ చేసే పాలిస్టైరీన్ గొలుసుకు పక్కకొమ్మలు ఒక క్రమంలో ఉండవు కాబట్టి నెల్లాళ్ళు గడువిచ్చినా అది స్ఫటికం కట్టలేదు. పీఎల్ఏ, నీళ్ళ సీసాలకు వాడే పెట్ మధ్యరకం. సర్దుకోగలవు, కానీ నిదానం. రెండు వందల డిగ్రీల దగ్గర కరిగిన పీఎల్ఏని చన్నీళ్ళు తిరిగే అచ్చులో కొడితే గొలుసులకు సర్దుకునే సమయమే ఉండదు. ఎక్కడివక్కడ, ఏ వంకరలో ఉన్నవి ఆ వంకరలోనే ఆగిపోతాయి. చూడటానికి గట్టి పదార్థమే, లోపల మాత్రం ద్రవంలో ఉండే గందరగోళమే. దీన్నే గాజు స్థితి అంటారు. అద్దం ట్రే అలాంటిది. పీఎల్ఏకి ఆ గాజుతనం 55, 60 డిగ్రీల దాకానే. ఆపైన గొలుసులకు కదలిక వస్తుంది, ట్రే మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో నీడలోనే 45 డిగ్రీలుండే రోజుల్లో రేకుల కిందో, తలుపులు బిగించిన వ్యాన్‌లోనో ఆ గీత దాటడం ఎంతసేపు?

అసలు విచిత్రం ఆ తర్వాత జరుగుతుంది. గాజులా ఆగిపోయినదాన్ని మళ్ళీ వేడిచేస్తే మెత్తబడి, ఇంకా మెత్తబడి, చివరికి కరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగదు. క్లాసులో పిల్లలకు ఇది చూపించడానికి నీళ్ళ సీసాలు ఊదే యూనిట్ నుంచి ప్రీఫామ్‌లు తెచ్చేవాణ్ణి. అడుగు మూసి, పైన మూత బిగించే మరలున్న మందపాటి గొట్టం అది. పెట్‌ను అచ్చులో కొట్టి వెంటనే చల్లార్చి తీస్తారు కాబట్టి పక్కా గాజు, దాంట్లోంచి పేపరు చదవొచ్చు. చిన్న ఓవెన్‌లో పెట్టి వేడి మెల్లగా పెంచుతూ పోతే 80 డిగ్రీలు దాటాక పట్టకారుతో నొక్కిన చోట సొట్టపడుతుంది. సరే, ఇక కుప్పకూలుతుందని పిల్లలు చూస్తుంటారు. 130, 140 దగ్గర పైపొర మీద పొగ మంచు కమ్మినట్టు మసక మొదలవుతుంది. అది లోపలికి పాకి, ఇరవై నిమిషాలు తిరిగేసరికి గొట్టం మొత్తం పాల తెలుపు. ఇప్పుడు పట్టకారుతో ఎంత నొక్కినా సొట్ట పడదు. ఓవెన్‌ 180కి పెంచినా దిగజారదు. దాన్ని కరిగించాలంటే 250కి వెళ్ళాలి. వేడి పెరిగేకొద్దీ వస్తువు గట్టిపడటం కళ్ళారా చూసిన పిల్లలు ఆ రోజు బెల్లు కొట్టినా లేచేవారు కాదు.

జరిగిందేమిటంటే, గొలుసులకు కదలిక వచ్చింది, కానీ కరిగి పారిపోయేంత వేడి రాలేదు. ఆ మధ్య సందులో, అచ్చులో దొరకని అవకాశం ఇప్పుడు దొరికింది. సర్దుకున్నాయి. సర్దుకుంటూ కాస్త వేడిని బయటికి వదిలాయి కూడా. స్ఫటికాల గుత్తులు వెలుగును చెదరగొట్టడం వల్ల తెల్లదనం. మీ ప్రయోగశాలలో ఇదంతా అయిదారు మిల్లీగ్రాముల ముక్కతో, అది పీల్చే, వదిలే వేడిని గీతగా గీసే డీఎస్‌సీ యంత్రం మీద తేలిపోతుంది. నిమిషానికి పది డిగ్రీల చొప్పున వేడి పెంచితే అద్దం ట్రే ముక్క గీత 60 దగ్గర చిన్న మెట్టు దిగుతుంది, 110 అటూ ఇటూ ఒక గుట్ట ఎక్కుతుంది, 150 నుంచి 170 లోపల గుంటలో పడుతుంది. మెట్టు గాజుతనం పోవడం, గుట్ట స్ఫటికం కట్టడం, గుంట కరగడం. తెల్ల ట్రే ముక్క గీతలో గుట్ట దాదాపు ఉండదు. అది ఫ్యాక్టరీలోనే ఆ గుట్ట ఎక్కి వచ్చింది.

మా వాళ్ళకు బాగా అర్థమయ్యే భాగం ఇంకొకటుంది. స్ఫటికం కట్టడంలో రెండు పనులున్నాయి. బీజం పడటం ఒకటి, ఆ బీజం పెరగడం ఇంకొకటి. రెండింటికీ నచ్చే వేడి ఒకటి కాదు. బీజాలు జోరుగా పడేది తక్కువ వేడిలో, గాజు గీతకు కాస్త ఎగువన. స్ఫటికం చకచకా పెరిగేది అంతకన్నా పై వేడిలో. కరిగిన స్థితి నుంచి మెల్లగా చల్లార్చుకుంటూ వస్తే ముందు తగిలేది పెరిగే ప్రాంతం. అప్పటికి పడ్డ నాలుగు బీజాలే చోటంతా ఆక్రమించుకుని పెద్ద పెద్ద గుత్తులవుతాయి. గాజు స్థితి నుంచి వేడిచేసుకుంటూ పైకి వస్తే ముందు తగిలేది బీజాలు పడే ప్రాంతం. పెరిగే వేడికి చేరేసరికే లోపలంతా బీజాలతో కిక్కిరిసి ఉంటుంది. ఒత్తుగా చల్లిన నారుమడిలో ప్రతి మొక్కా పక్కదానికి అడ్డుపడి దేనికీ గుబురుకట్టే చోటుండదు, ఎడం ఎడంగా నాటిన మొక్క నాలుగు కొమ్మలేసి కూర్చుంటుంది. ఇదీ అంతే. ఒకే పదార్థం, ఒకే 110 డిగ్రీలు. పైనుంచి దిగివచ్చినదానిలో పెద్ద గుత్తులు కొన్ని, కిందనుంచి ఎక్కివచ్చినదానిలో సన్నటివి లెక్కలేనన్ని. దారి మారితే లోపలి అల్లిక మారిపోతుంది. వేగం కూడా లెక్కే. మరీ గబగబా వేడిచేస్తే బీజాలు పడేలోపే ఆ ప్రాంతం దాటిపోయి స్ఫటికం కట్టకుండానే మెత్తగా జారిపోతుంది.

గోడౌన్లో ట్రేలు పెళుసెక్కిన సంగతీ దీని చుట్టమే. గాజు గీతకు దిగువన గొలుసులు పూర్తిగా ఆగిపోయాయనుకుంటాం గాని, 35, 40 డిగ్రీల దగ్గర అవి అణువణువుగా సర్దుకుంటూనే ఉంటాయి. స్ఫటికం కట్టవు, బిగుసుకుంటాయి. దాన్ని ముసలితనం అంటే తప్పులేదు. చలిదేశంలో నెలలు పట్టేది మన గోడౌన్ వేడికి ముందే వచ్చేస్తుంది. కాబట్టి గోడౌన్ సరుకు పాడైంది అమ్మినవాడి మోసం వల్ల కాదు. మన ఎండకు ఎన్నాళ్ళు ఆగుతుందో అతనూ ఎవరినీ అడగలేదు, అంతే.

ఇదేమీ కొత్త విద్య కాదు. పెట్‌ను 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు. 1973లో అమెరికాలో నథానియల్ వైయెత్ దానితో సోడా సీసా చేసి పేటెంటు తీసుకున్నాడు. మా పక్కనే రామచంద్రపురం ఆర్టోస్ కూల్‌డ్రింక్ కూడా ఇప్పుడు ఆ సీసాల్లోకి దిగింది. సీసా గోడలో స్ఫటికాలున్నా తెల్లబడకపోవడం వేరే కథ. అక్కడ వేడితో పాటు సాగదీయడం కూడా పనిచేస్తుంది. ఓవెన్‌లో పెట్టే తెల్లటి భోజనం ట్రేలు మాత్రం అచ్చంగా మన కథే. పల్చటి గాజు పెట్ రేకును వేడి అచ్చులో కాసేపు పట్టి ఉంచి, స్ఫటికం కట్టాక తీస్తారు. రెండు వందల డిగ్రీలకూ వంగదు. పీఎల్ఏకీ అదే పద్ధతి. కాస్త టాల్క్ పొడి కలిపి బీజాల సంఖ్య పెంచి, అచ్చును వంద డిగ్రీల పైచిలుకు వేడిలో ఉంచాలి. ఖర్చంతా ఆ నిలబెట్టే సెకన్లలో ఉంది. వేడి అచ్చు ఒక ట్రే తీసే టైముకు చన్నీళ్ళ అచ్చు అంతకన్నా ఎక్కువ ట్రేలు తీస్తుంది. చవకగా అమ్మాలనుకున్నవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పాలా?

కొన్న అద్దం ట్రేలను ఇంట్లో వేడిచేసి గట్టిపరుచుకోవచ్చు కదా అని మా కుర్రాడొకడు అడిగాడు. కుదరదు. అచ్చు పట్టుకుని ఉండకపోతే తెల్లబడేలోపే ముడుచుకుని వంకర్లు పోతుంది.

ఇప్పుడు రెండో మాట, మట్టిలో కలిసిపోవడం. మీరు సర్టిఫికెట్ కోసం వాడే ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ఏం కోరుతుందో మా వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. 12 వారాల్లో ముక్కలై, రెండు మిల్లీమీటర్ల జల్లెడ మీద పది శాతం కన్నా ఎక్కువ మిగలకూడదు. 180 రోజుల్లో కర్బనంలో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఇదంతా 58 డిగ్రీల దగ్గర కాగుతున్న కంపోస్టులో. ఆ 58 పీఎల్ఏ గాజు గీతను ఒరుసుకునే అంకె. గొలుసులు వదులైన చోట నీళ్ళు చొరబడి వాటిని తెంపుతాయి, తర్వాత సూక్ష్మజీవులు తింటాయి. మా లంక మన్ను 30 డిగ్రీలుంటుంది. అక్కడ పాతిన పీఎల్ఏ ట్రే ఏళ్ళ తరబడి ట్రేగానే ఉంటుంది, అందులో ఉన్న వేరు మాత్రం గింగిరాలు తిరుగుతుంది. ఇంకో మెలిక ఏమిటంటే, స్ఫటికం కట్టిన భాగంలోకి నీళ్ళు అంత తేలిగ్గా దూరవు. ఎండకు నిలబడటానికి ఏ గుణం పనికొచ్చిందో, అదే గుణం కంపోస్టు కావడాన్ని ఆలస్యం చేస్తుంది. ఎండకు వంగనిదీ, మట్టిలో తొందరగా కరిగిపోయేదీ ఒకే ట్రే అని అమ్మేవాడు చెబితే, రెండింటిలో ఒకటి తగ్గించి వినాలి.

పీఎల్ఏ మీద నాకు కోపం లేదు. కంపోస్టు యార్డుకు చేరే భోజనం ప్లేట్లకు, హాలులో వాడి అక్కడే ఏరేసే కప్పులకు అది మంచి సరుకు. నారు ట్రేకు మాత్రం, నన్నడిగితే, మందపాటి పాలిప్రొపిలీన్ ప్రోట్రే కొని కడిగి కడిగి వాడుకోవడం మేలు. పాతేయాలన్న మోజుంటే కోనసీమలో కొబ్బరి పీచుకు కరువా? నా అభిప్రాయం పక్కనపెట్టండి. కొనేవాడు తెలిసి కొనాలి, అంతవరకే నా వాదన.

అందుకే అంకె అడుగుతున్నాను. వికాట్ పరీక్ష మీ దగ్గర రోజూ జరిగేదే. ఒక చదరపు మిల్లీమీటరు మొన ఉన్న సూదిని బరువుతో ఆనించి వేడి పెంచుతూ, సూది ఒక మిల్లీమీటరు దిగిన డిగ్రీని రాసుకుంటారు. అద్దం ట్రేకు ఆ అంకె అరవై దగ్గర వస్తుంది, బాగా స్ఫటికం కట్టిన తెల్ల ట్రేకు వందకు పైన రావాలి. ట్రే మరీ పల్చనిదైతే డీఎస్‌సీ గీతలో గుట్ట ఉందో లేదో చూసి చెప్పినా చాలు. కంపోస్టబుల్ పరీక్షకు మీ దగ్గరికి వచ్చే ప్రతి ట్రే, కప్పు, కుండీకి ఈ అంకె కూడా తీసి రిపోర్టులో రాయండి. దాన్ని వస్తువు మీద అచ్చు వేయాలని కాలుష్య నియంత్రణ మండలికి సిఫారసు చెయ్యండి. పక్కనే తెలుగులో ఒక వాక్యం: ఇంటి పెరట్లో కాదు, కంపోస్టు యార్డులోనే కుళ్ళుతుంది అని. తయారీదారు ఖర్చు పెరిగిందంటాడు. ఒక రకం ట్రేకు ఒకసారి చేసే పరీక్ష అది, వేల ట్రేల మీద పంచితే పైసల్లో తేలుతుంది. సర్టిఫికెట్ రూలులో వేడికి మెత్తబడే ప్రస్తావన లేదు కదా అని మీ వాళ్ళే అనొచ్చు. లేదు కాబట్టే అడుగుతున్నాను. రూలు రాసినవాళ్ళు ట్రే చివరి రోజుల గురించి ఆలోచించారు, అది మా షెడ్డులో గడిపే వేసవి గురించి ఆలోచించలేదు.

ఇంకొక్కటి. మీ సంస్థలో చదువుకునే పిల్లలను ఒక వేసవిలో మా నర్సరీలకు పంపండి. షెడ్డు రేకు కింద, లారీ టార్పాలిన్ కింద, మొక్కల వ్యాన్‌లో థర్మామీటర్లు పెట్టి ఏ గంటకు ఎంతుందో రాసుకోనివ్వండి. ఆ లెక్కలు లేకుండా ఎక్కడో చల్లటి దేశంలో కట్టిన గ్రేడు మా మే నెలకు సరిపోతుందని ఎవరు మాత్రం చెప్పగలరు? భోజనం, బస మా ఇళ్ళల్లోనే. కరెంటు పోతే మాత్రం మామిడి చెట్టు కిందకు రావాలి.

కుంగిన అద్దం ట్రే, విరిగిన అద్దం ట్రే, నిలబడిన తెల్ల ట్రే, మూడింటి ముక్కలూ విడివిడి కవర్లలో నంబర్లు వేసి మీ టెస్టింగ్ విభాగానికి పోస్టులో పంపుతున్నాను. ఏది ఎవరి సరుకో కవరు మీద రాయలేదు. డీఎస్‌సీ, వికాట్ రెండింటికీ రుసుము ఎంతో తెలియజేస్తే మా వీధివాళ్ళం తలా కొంత వేసుకుని కడతాం. రిపోర్టు వచ్చాక పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టమని అడుగుతాను.

ఇట్లు,
కడియపులంక నర్సరీ కుటుంబానికి చెందిన ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్